బిల్లు ముందే పెట్టే చోట

రాయపూర్‌లో కొత్తగా కట్టిన మాల్‌లో అమెరికా పద్ధతి రెస్టారెంటు ఒకటి తెరిచారు. అందులో వడ్డించే పనికి చేరాను. మొదటి కొన్ని నెలలు పరీక్ష. ఎవరి టేబుళ్లు త్వరగా ఖాళీ అయితే వాళ్లుంటారు, మిగతావాళ్లు ఇంటికి. ఇది పోతే భన్‌పురిలో లారీల ఆఫీసులో కూర్చోమని నాన్న ముందే చెప్పేశారు. రైల్వేలో రిటైరైన మనిషి, మాటంటే మాటే. ఆ దుమ్ము, ఆ హారన్లు తలుచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు.

కాలు ఒకచోట నిలవనివ్వని పని అది. నవ్వాలి, ఐసు నీళ్లు నింపాలి, నోట్లో ముద్ద ఉండగానే అంతా బాగుందా అని అడగాలి. ఆ ముద్ద దిగకముందే, అడక్కుండానే బిల్లు తెచ్చిపెట్టాలి.

ఆదివారాల్లో నా మూల టేబులుకు ఒక జర్మన్ ఇంజనీరు వచ్చేవాడు. ఉర్లాలో ఏదో ఫ్యాక్టరీలో మెషీన్లు బిగించే పని మీద వచ్చాడు. మొదటిసారి అతను ఐస్‌క్రీం తింటూ కిటికీలోంచి చూస్తుంటే వెళ్లి బిల్లు పెట్టాను. అతని ముఖం ఎర్రగా కందిపోయింది. మూసేస్తున్నారా అని అడిగాడు. లేదు, ఇక్కడి పద్ధతే ఇంత అన్నాను. వాళ్ల ఊళ్లో అడిగితేనే బిల్లు తెస్తారట, అడిగేదాకా ఆ టేబులు తినేవాడిదేనట. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికెళ్లి చెబితే అమ్మ అంట్లు తోముతున్న చెయ్యి ఆపేసింది.

"తింటున్నోడి ముందర బిల్లెట్టేస్తావేటే? అదేటి తరీకా? ఆడేటనుకుంటాడు?"

నేనూ అదే అనుకున్నాను. కానీ ఉద్యోగమో?

తర్వాతి ఆదివారం అతనే మాట కదిలించాడు. ఇక్కడి పని కాగానే తనను అమెరికా పంపుతున్నారట, నిజంగా అక్కడా ఇంతేనా అని అడిగాడు. ఇంతేనని ట్రైనింగులో చెప్పారన్నాను. నేనేమైనా చూశానా పెట్టానా. అయితే ఇక్కడే నేర్చుకుంటానన్నాడు. నేర్చుకున్నాడు కూడా, బుద్ధిగా. నేను నోరు తెరవకముందే బాగుంది, బాగుంది అనేవాడు. పళ్లు జివ్వుమంటున్నా ఐసు నీళ్లు తాగేవాడు. బిల్లు పెట్టగానే లేచేవాడు. మేనేజరు మహా ఖుషీ. అతను గబగబా మింగుతుంటే నాకు మాత్రం ఒళ్లు మండేది. ఎవరి మీదో తెలీదు.

అతని చివరి ఆదివారం బిల్లు తీసుకెళ్లలేదు. బయట జనం కాచుకుని ఉన్నారు. మేనేజరు కళ్లతోనే తరుముతున్నాడు. నా పరీక్ష గడువూ ఆ వారంతోనే సరి. సర్దిన చెంచాలే మళ్లీ సర్దుతూ, నీళ్ల జగ్గు ఎత్తి దించుతూ కౌంటరు దగ్గరే ఉండిపోయాను. అతను పర్సు తీశాడు. ఇక ఆగలేక దగ్గరికి వెళ్లాను.

"ఇవాళ మీరు అడిగేదాకా బిల్లు తేను. కూర్చోండి."

కూర్చున్నాడు. కాఫీ ఒక గుక్క తాగాడు. కాలు ఊపడం మొదలుపెట్టాడు. తలుపు వైపు చూశాడు, మేనేజరు వైపు చూశాడు, వాచీ చూసుకున్నాడు. డబ్బు టేబులు మీద పెట్టి లేచేశాడు. ఏమనుకోవద్దు, ఇక నావల్ల కావడం లేదు అని, వడ్డించేటప్పుడు మేం నవ్వే నవ్వులాంటిదే ఒకటి నవ్వి వెళ్లిపోయాడు.

అతన్ని లేపింది నేనేననుకున్నాడు మేనేజరు. నీ ఉద్యోగం పక్కా అని హిందీలో చెప్పి, తర్వాతివాళ్లను పిలవడానికి తలుపు దగ్గరికి పరిగెత్తాడు. నాకు ఏడుపొచ్చింది. వాళ్లు వచ్చేస్తున్నారని కప్పు తీశాను. కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది.