అవ్వకు నాలుగో కత్తి

నా చిన్నప్పుడు మా ఇంట్లో నిలబడి కూరగాయలు కోసినవాళ్ళు లేరు. నేల మీద కత్తిపీట వేసుకుని, పీటను కాలితో అదిమిపెట్టి, కాయను రెండు చేతులా పట్టుకుని నిలువుగా ఉన్న కత్తికేసి తోయడమే మాకు తెలిసిన కోత. మా అవ్వ పెళ్ళయి వచ్చిన నాటినుంచీ అలాగే కోసింది.

నాకు పదకొండేళ్ళప్పుడు ఆమె కదిరిలో బస్సు దిగుతూ మెట్టు మీద జారింది. మోకాలు పాడైంది. ఇక నేల మీద కూర్చోవడం కుదరదని డాక్టరు చెప్పాడు. గ్యాసు పొయ్యి కోసం నాయన కట్టించిన గట్టు ఉంది కాబట్టి నిలబడి వండుకోవచ్చు. కానీ కోయాలంటే చేతికత్తి కావాలి. చేనినుంచి వచ్చి వంట తానే చేస్తానని అమ్మ అంది. అవ్వ ఆ మాట వినలేదు. నన్ను దగ్గరికి పిలిచి, ఎవరికీ వినిపించకుండా ఒక మాట చెప్పింది.

“మంచం మీద కూచోబెట్టి కంచం చేతికిస్తే, నేను ఈ ఇంటికి చుట్టంతో సమానం కదప్పా.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. కత్తి ఎంచే పని నా నెత్తిన వేసుకున్నాను. నోటుబుక్కులో గళ్ళు గీశాను. పొడవు, మందం, బరువు, పిడి, తుప్పు పట్టేదా లేదా, కాగితాన్ని ఎంత నున్నగా కోస్తుంది, ధర. ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులని. నాయన కదిరికి పోయినప్పుడల్లా వెంటబడి పోయి, పాత్రల అంగడిలో కత్తులన్నీ తీయించి స్కేలుతో కొలిచేవాణ్ణి. అంగడాయన విసుక్కుంటూనే ఓపిక పట్టేవాడు. వెడల్పాటి పెద్ద కత్తి ఒకటి మూలన దుమ్ముపట్టి ఉండేది. దాన్ని కొలవను కూడా లేదు. ‘మటన్ కత్తి, వద్దు’ అని మొదటి రోజే రాసేశాను.

మొదటి కత్తి వారంలో వంగిపోయింది. రెండోది రంపంలా పళ్ళున్నది. ఎర్రగడ్డ బాగానే కోసింది కానీ, పుండికూరను, అదే గోంగూరను, పీచుపీచు చేసింది. మూడోదానికి నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. సన్నగా, తళతళలాడుతూ ఉండేది. కాగితాన్ని గాలిలోనే చీల్చేది. కానీ దానితో అవ్వ వంకాయ కోయబోతే, అంచు కింద పెట్టిన చెక్క పలకను చేరకముందే ఆమె వేళ్ళ కణుపులు పలకకు కొట్టుకునేవి. నాకు కోపమొచ్చేది. ఇన్ని మార్కులొచ్చిన కత్తితో ఈమెకు కోయడం ఎందుకు రాదని అవ్వ మీదే కోపం. ఇలా పట్టుకో, అలా పట్టుకో అని కసురుకున్నాను కూడా.

ఒక పొద్దున ఆమె విసిగిపోయి, ఆ కత్తిని తిరగేసి, పదునువైపు పైకి పెట్టి, పిడిని పలకకు అదిమి, వంకాయను దానిమీదికి తోసింది. బొటనవేలు తెగింది. నాయన వచ్చి రక్తం చూసి, మూడు కత్తులూ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇక అవ్వ వంటింట్లోకి రాకూడదన్నాడు. ఆమె వసారాలో మంచం మీద కూర్చుని గోడవైపు తిరిగింది. నేను నోటుబుక్కును చించి అవతల పారేశాను.

పక్కింటి అక్క బెంగళూరులో ఒక కంపెనీ క్యాంటీన్లో వంటపని చేసేది. నాలుగు రోజుల సెలవు మీద వచ్చి, అవ్వను చూడ్డానికి మా ఇంటికొచ్చింది. నేను ఉక్రోషంతో మూడు కత్తుల కథా అప్పజెప్పాను. కత్తులు చూపిస్తానంటే అక్కర్లేదంది. అవ్వను గట్టు దగ్గరికి నడిపించుకొచ్చి, ముందర పలక పెట్టింది. వంకాయా లేదు, కత్తీ లేదు. ఊరికే కోసి చూపించమంది.

అవ్వకు నవ్వొచ్చింది. అయినా చేతులు చాచింది. రెండు చేతులూ గాలిలో లేని కాయను పట్టుకుని, ముందుకు తోస్తూ పోయాయి.

“కాయకు రెండు చేతులూ ఇచ్చేస్తివి కదవ్వా, ఇంక కత్తికేం మిగిల్చినావు?” అంది అక్క.

నేను నెలన్నరగా కత్తులను కొలిచాను. ఆ చేతులను ఒక్కసారీ చూడలేదు.

మరుసటి రోజు అక్క నన్ను కదిరికి తీసుకుపోయింది. ఆమె నచ్చజెప్పాక, ఇదే చివరి కత్తి అని చెప్పి నాయన డబ్బులిచ్చాడు. అక్క నేరుగా మూలనున్న ఆ వెడల్పాటి కత్తిని అడిగింది. ముసలామెకు మటన్ కత్తెందుకని అంగడాయన అన్నాడు. ఆమె పట్టించుకోలేదు. కత్తిని పలక మీద ఆనించి, పిడి పట్టుకున్న పిడికిలి కింద చోటు మిగిలిందా అని చూసింది. అంచు మొనవైపు వంపు తిరిగి ఉందో లేదో చూసింది. పలచగా ఉందని, ఎముకలు కొట్టే కత్తి ఇంత పలచగా ఉండదని నాకు చెప్పింది. పిడి మొదట్లో వేలిమీద నిలబెట్టి బరువు చూసింది. అంతే. ఆ మూడింటికీ పోసిన దానికంటే దాని ధర తక్కువ.

ఇంటికొచ్చాక అక్క అవ్వ వెనక నిలబడి, ఆమె కుడిచేతిని పట్టుకుని నేర్పింది. మొన పలకను వదలకూడదు. పిడివైపు మాత్రమే లేచి దిగాలి. ఎడమచేతి వేళ్ళు లోపలికి ముడిచి, కాయను కొంచెం కొంచెంగా కత్తి కిందికి తోస్తూ ఉండాలి. తోయడం అవ్వకు పాత పనే. కత్తికి ఒక చెయ్యి ఇవ్వడమే కొత్త. రెండు రోజులూ మట్టిక్కాయలతోనే, అంటే గోరుచిక్కుళ్ళతోనే, సాధన చేయించి, ఆదివారం అక్క బెంగళూరు బస్సెక్కింది.

సోమవారం అవ్వ ఒక్కతే కోసింది. నడుమును గట్టుకు ఆనించుకుని నిలబడింది. ఒక్కో వంకాయకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను. సంగటి చల్లారిపోయింది. అమ్మ రెండుసార్లు కత్తి అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ముక్కలు ఒకటి లావు, ఒకటి సన్నం. నాయన మాట్లాడకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని లేచి పోతుంటే నాకు ఏడుపొచ్చింది. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

“రేపు ఏం కూర చేస్తావుమా?”

అవ్వ ఆలోచించి చెప్తానంది.

నేనిప్పుడు తనకల్లు చుట్టుపక్కల ఊళ్ళలో చేలకు డ్రిప్పు పైపులు వేయించే పనిలో ఉన్నాను. పైపు సైజు, మోటారు శక్తి, నీళ్ళ ఒత్తిడి అన్నీ కాగితం మీద సరిగ్గానే ఉంటాయి. అయినా వాల్వు బిగించే ముందు, రోజూ దాన్ని తిప్పేదెవరని అడుగుతాను. చాలాసార్లు కాగితంలో పేరున్న రైతు కాదు, ఆయన భార్యో తల్లో. వాళ్ళను పిలిపించి, ఒకసారి తిప్పి చూపించమంటాను. ఎంత వంగుతున్నారో, ఏ చెయ్యి వాడుతున్నారో చూసి, అవసరమైతే వాల్వు ఎత్తు మారుస్తాను. దీనివల్ల రోజుకు ఒక చేను పని వెనకబడుతుంది. సూపర్‌వైజరు ఫోన్లో కేకలేస్తాడు. నాకూ చిరాకే, ఎండలో నిలబడి ఎవరి కోసమో ఎదురుచూడటం. అయినా ఆమె వచ్చేదాకా స్పానరు కింద పెట్టి కూర్చుంటాను.