తిట్ల పావుగంట

నిన్న సాయంత్రం వంటింట్లో కుక్కర్ కూత వేస్తుండగా హాల్లో ల్యాప్‌టాప్ తనంతట తాను ఆగిపోయి మళ్ళీ వెలిగింది. మధ్యాహ్నం నుంచి ఏదో అప్‌డేట్ అంటూ గుండ్రంగా తిరుగుతూనే ఉంది. తడిచెయ్యి నైటీకి తుడుచుకుంటూ వచ్చి కూర్చుని, అలవాటుగా మౌస్‌ని కింద ఎడమ మూలకి విసిరి నొక్కాను. ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉన్న బటన్ లేదు. దాని చోట చిన్న మబ్బు బొమ్మ ఉంది. నొక్కగానే ఎడమవైపు తెరని కప్పేస్తూ వాతావరణం, ఎక్కడెక్కడివో వార్తలు పరుచుకున్నాయి. భారీ వర్ష సూచన అని ఉంది. విశాఖలో తుపాన్లు చూసి పెరిగినదాన్ని, ఆ మాట చదివితే చాలు, కిటికీ గడియలు వేశానా లేదా అని చూస్తాను. తెర కింద వరసలో బొమ్మలన్నీ మధ్యకి జరిగి గుంపుకట్టి ఉన్నాయి. ఉదయానికల్లా పంపవలసిన కాగితాలు ఆ మెషిన్‌లోనే ఉన్నాయి. పిల్లలు పుట్టాక మానేసిన పనిలోకి నేను మళ్ళీ వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. సరుకు రవాణా కంపెనీ ఒకటి ఇంటినుంచే పని ఇచ్చి, కొన్నాళ్ళు చూశాక ఉంచేదీ లేనిదీ చెబుతామంది. మా ఆయనకి స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్టు, రాత్రి పొద్దుపోయాక గాని రారు. పెందుర్తిలోని మా ఫ్లాట్‌లో ఆ సమయానికి నేను, పిల్లలిద్దరే.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అన్నాను. గట్టిగానే అన్నాను.

పెద్దది హారిక హోంవర్కు మీంచి తలెత్తి తమ్ముడి వైపు చూసింది. చిన్నూకి ఐదేళ్ళు. వాడు రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. మబ్బు బొమ్మ చూసినప్పుడు కంగారుపడ్డాను గాని, మా ఇంట్లోకి ఏదో ప్రమాదం వచ్చిందని అనిపించింది మాత్రం ఆ చేతులు నాకు కనపడకుండా పోయినప్పుడే. నా నోటినుంచి వచ్చిన ఆ ప్రశ్న నా మొదటి ఆఫీసులోని నరసమ్మ మేడమ్ నోట నేనెప్పుడూ వినలేదు.

డిగ్రీ అయిన ఏడాది పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో చేరాను. ఓడలెక్కే సరుకుకి కావలసిన కాగితాలు తయారుచేయడం మా గది పని. ఆ గదికి పెద్ద నరసమ్మ మేడమ్. పూర్తి పేరు అప్పలనరసమ్మ. తగరపువలస దగ్గర రైతు కుటుంబం, చరిత్రలో ఎమ్మే. పేరు కాస్త నాజూగ్గా మార్చుకోవచ్చు కదా అని ఎవరో అంటే, "ఎందుకు, ఇది బానే పని సేత్తంది కదా" అన్నారట. ఆవిడకి కంప్యూటర్ మీద గొప్ప పట్టేమీ లేదు. మనుషులంటే మాత్రం తీరని ఆసక్తి. అది ఒక్కోసారి విసుగు పుట్టించేది. జ్వరమని సెలవడిగితే ఇచ్చేవారు, కాని ముందు ఒళ్ళు నొప్పులొచ్చాయా, చలి వేసిందా, అప్పుడేం చేస్తున్నావు అని అడిగి అడిగి, జ్వరమొచ్చినవాళ్ళకి అక్కడే ఇంకో డిగ్రీ పెరిగాక పంపేవారు. చావు పరామర్శకి వెళ్ళిన ఇంట్లో కూడా ప్రశ్నలు ఆపుకోలేరని ఆఫీసులో చెప్పుకునేవారు. నిజమే, ఆపుకోలేరు. కాని అలా అడిగించుకున్నవాళ్ళే తర్వాత ఆవిడ దగ్గరికి వచ్చి కూర్చోవడం చూశాను.

ఆఫీసుకి కొత్త కంప్యూటర్లు వచ్చిన రోజు బాగా గుర్తు. పాతవాటిలో ఎడమ మూల నొక్కితే ఒక జాబితా పైకి లేచేది, అందులో ఎవరికి కావలసింది వాళ్ళు ఎంచుకునేవాళ్ళం. కొత్తవాటిలో ఆ బటన్ తీసేశారు. మూల నొక్కితే తెర నిండా రంగు పలకలు పరుచుకునేవి, ఎరుపు, పచ్చ, ఊదా. మధ్యాహ్నానికి మా గది చేపల వేలంపాటలా అయింది. ఒకరు మౌస్‌ని బల్లకేసి కొడుతున్నారు, ఒకరు పాత మెషిన్ ఏ గోదాములో పడేశారో చెప్పమంటున్నారు. మేడమ్ అందరికీ మిరపకాయ బజ్జీలు, టీ తెప్పించి తలుపు మూయించారు.

"పావుగంట టైము. కడుపారా తిట్టుకోండి. ఇందులో అన్న మాట గుమ్మం దాటదు" అన్నారు.

ఇదేం పద్ధతని నేను విస్తుపోతుంటే ఆవిడే చెప్పారు. వాళ్ళ ఊళ్ళో ఊడ్పులప్పుడు ఆడవాళ్ళు బురదని, మడిని, మబ్బుని అన్నింటినీ తిట్టుకుంటూ నాటేవారట. మూతి ముడుచుకుని నాటినవాళ్ళకంటే తిట్టుకుంటూ నాటినవాళ్ళ వరసలే తిన్నగా వచ్చేవట. ఎందుకలాగ అని చిన్నప్పటినుంచీ ఆవిడకి ఆశ్చర్యమట.

తిట్లు మొదలయ్యాయి. "ఇది ఆఫీసు మిషనా, తిరనాళ్ళ కొట్టా మేడమ్? ఆ ఊదారంగు సూత్తంటే కడుపులో తిప్పేత్తంది" అన్నాడు లెక్కలు చూసే అతను. అక్షరాలు పుల్లల్లా ఉన్నాయని ఇంకొకరు. కొత్తగా చేరిన కిరణ్ మాత్రం బజ్జీ తింటూ, "నాకు బానే ఉంది మేడమ్" అన్నాడు.

"అయితే పాతది నీకు అలవాటే కాలేదన్నమాట. ఇన్నాళ్ళూ ఏటి సేస్తన్నావ్ నాయనా?" అన్నారు మేడమ్. గదంతా నవ్వు.

నా వంతు వచ్చినప్పుడు, తప్పు నొక్కితే అంతా పోతుందేమోనని భయంగా ఉందన్నాను.

"అంతా అంటే ఏటేటి?"

టీ గ్లాసు కింద పెట్టి తెరంతా వెతికాను.

"కనుక్కుని సెప్పు. తొందరేం లేదు" అన్నారు. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నేనింకా కనుక్కుంటూనే ఉన్నాను.

చివరికి సింహాద్రి గారు. ఆయన మా అందరికంటే పాతవారు, టైపు మిషన్ల నాటినుంచి ఉన్న గుమాస్తా. ఆయన వేళ్ళు కీబోర్డు మీద వాన పడ్డట్టు పడేవి. నన్ను పాపా అని పిలిచేవారు. రోజుకి ఒకసారైనా కాగితం నా ముందుకి తోసి, "పాపా, కళ్ళజోడు ఇంటికాడ మర్సిపోనాను, ఈ కంటైనర్ నంబరు కూసింత సదివిపెట్టు" అనేవారు. మతిమరుపు మనిషి అనుకునేదాన్ని. ఆయన తిట్లు అన్నింటికంటే బిగ్గరగా వినిపించాయి.

"నా మెట్లేవీ? మూల నొక్కితే మెట్లు లెగిసేవి. గబగబా ఎక్కితే నా పని నాకు దొరికేది. ఇప్పుడు ఎటెల్లినా మైదానమే. ఎవడిదమ్మా ఈ బుద్ధి? ఆడింట్లో మెట్లు పీకేసి, మేడెక్కమనండి సూద్దాం."

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మేడమ్ కూడా నవ్వుతూనే, "బాబాయ్, ఆ పైనున్న పచ్చ పలక మీద ఏటి రాసుంది?" అన్నారు.

"ఏటుంటాది, ఏదో సెత్త."

"అవున్లే, సెత్తే" అని ఆవిడ ఇంకో బజ్జీ తీసుకున్నారు. కాని దాన్ని తినకుండా చేతిలోనే చల్లారనిచ్చారు. మేడమ్ బజ్జీ చల్లారనివ్వడం అరుదు కాబట్టి నాకది గుర్తుండిపోయింది.

కొద్దిరోజుల్లో మేమందరం పలకలకి అలవాటు పడిపోయాం. సింహాద్రి గారు పడలేదు. ఆయన కాగితాలు ఆలస్యమవసాగాయి. ఒకసారి ఓడ గడువు దాటిపోయేంత పనయింది. యజమాని స్వయంగా మా గదికి వచ్చి మేడమ్‌తో అన్నారు. "సింహాద్రిని వచ్చే నెల నుంచి యార్డు గేటు దగ్గర కూర్చోబెట్టండి. వచ్చే లారీల నంబర్లు రాసుకుంటాడు. కొత్తవి అతనికి ఎక్కవు." గేటు దగ్గర ఎండలో కుర్చీ అంటే ఏమిటో ఆఫీసులో అందరికీ తెలుసు. అక్కడికి పంపినవాళ్ళు తమంతట తామే మానేసేవారు. సింహాద్రి గారు తల వంచుకుని కీబోర్డు మీది దుమ్ము తుడుస్తున్నారు.

"మీ ల్యాప్‌టాప్‌లో కూడా కొత్తదే ఏయించేరా బాబూ?" అని అడిగారు మేడమ్, ఏదో కుశలం అడిగినట్టు.

"నాదెందుకు లెండి, పాతది అలవాటైపోయింది."

"మరి ఆయనకీ అలవాటైపోయిందే కదా బాబూ, మనం తీసేసేం. కూసింత టైమివ్వండి. నాను సూసుకుంటాను."

యజమాని బుర్ర గోక్కుని, సరే ఒక నెల అని వెళ్ళిపోయారు. మర్నాడు మేడమ్ సింహాద్రి గారి బల్ల దగ్గరికి వెళ్ళి, "బాబాయ్, నాకు కళ్ళు మసకేత్తన్నాయి. కంటాసుపత్రికి ఒక్కదాన్నీ ఎల్లాలంటే బయ్యం. తోడు రావాల" అన్నారు. ఆడమనిషి తోడడిగితే ఆయన కాదనరు. అక్కడికెళ్ళాక, వచ్చిన వాళ్ళం ఎలాగూ వచ్చాం, నువ్వూ చూపించేసుకో అన్నారట. మేడమ్‌కి కళ్ళజోడు రాశారు. సింహాద్రి గారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు, ఒకటి బాగా ముదిరిపోయిందని చెప్పారు.

ఆయనకి ఆ సంగతి ముందే తెలుసు. తర్వాత నాతో ఆయనే అన్నారు. "టైపు కొట్టేవోడికి కళ్ళు పోనాయంటే ఇంకెవరుంచుకుంటారు పాపా? పాత మిషన్లో సూడాల్సిన పనే నేదు. మూలకి ఇసిరేస్తే మౌసు బాణం ఆడే ఆగిపోద్ది. ఆ మీద ఎన్ని మెట్లో సెయ్యికి తెలుసు." కాగితాన్ని కిటికీ వెలుతురులో ముక్కుకి ఆనించి చదువుకునేవారు, వీలుకానప్పుడు కళ్ళజోడు మరిచిపోయేవారు. తెర మారేదాకా గదిలో ఎవరికీ తెలియలేదు.

మీకెలా తెలిసింది అని మేడమ్‌ని అడిగాను. ఆపరేషన్‌కి సెలవు పెట్టిన ఆయన పని మేమిద్దరం పంచుకుని చేస్తున్నాం అప్పుడు. ఆవిడ కొత్త కళ్ళజోడు ముక్కు మీంచి జారుతుంటే తోసుకుంటూ చెప్పారు. "మీరందరూ ఆ రోజు కళ్ళకి అగుపడ్డదాన్ని తిట్టేరు. రంగు బాలేదు, అచ్చరం బాలేదు అని. బాబాయ్ ఒక్క రంగు పేరైనా ఎత్తేడా? అదేటో సూద్దామనిపించింది. అంతే." కాసేపాగి, "కోపంగా ఉన్నోల్ని ఎవరు సేసేరు, ఎందుకు సేసేరు అంటే సేతులు దాసుకుంటారమ్మా. నీ సెయ్యి ఎక్కడికెల్లింది, ఏటి దొరకలేదు అని అడుగు. ఆల్లే సూపిత్తారు" అన్నారు.

సింహాద్రి గారు తిరిగొచ్చిన రోజు అందరం ఆయన బల్ల చుట్టూ చేరాం. నల్లకళ్ళజోడు తీసి, తెర వెలిగించి, రంగు పలకలన్నింటినీ ఒక చివరినుంచి ఇంకో చివరి దాకా తీరిగ్గా చూశారు.

"ఓలమ్మ, ఇంత అసయ్యంగా ఉందేటి ఇది?" అన్నారు. "ఇన్నాళ్ళూ మీరు తిట్టింది దీన్నేనా? సాల్లేదు. మల్లీ బజ్జీలు తెప్పించండి మేడమ్."

ఆ పావుగంట ఆయన ఒక్కరిదే. ఏ రంగునీ వదల్లేదు. గేటు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పని విరమించేదాకా ఆయన అదే కుర్చీలో కూర్చున్నారు, నంబర్లు చదివిపెట్టమని నన్ను ఇంకెప్పుడూ అడగలేదు.

అప్పటినుంచీ వస్తువు చోటు మారితే మనుషులకి ఎందుకంత కోపమొస్తుందో గమనించడం నాకూ అలవాటైంది. మా అత్తగారు ప్రేమగానే నా పోపులపెట్టె కడిగి, ఆవాలూ జీలకర్రా గిన్నెలు మార్చి పెట్టినప్పుడు నేను రోజంతా ముభావంగా ఉన్నాను. ఆ గిన్నెలోకి నా చెయ్యి చూడకుండా వెళ్ళేది, ఇంట్లో నేను ఆలోచించకుండా చేయగలిగిన పని అదొక్కటే అని తర్వాత అర్థమైంది. మరి నిన్న? రాత్రి పిల్లలు పడుకున్నాక కొత్త తెర ముందు కూర్చుని నన్ను నేనే మేడమ్‌లా అడిగి చూసుకున్నాను. నీ చెయ్యి ఎక్కడికెళ్ళింది, ఏమిటి దొరకలేదు?

ఎడమ మూలకి వెళ్ళింది. ఇన్నేళ్ళు ఇంట్లో ఉండి మళ్ళీ పనిలోకి వచ్చేసరికి కాగితాల పేర్లు మారాయి, నియమాలు మారాయి, ఫోన్‌లో మాట్లాడేవాళ్ళందరూ నాకంటే చిన్నవాళ్ళు. నాకు ముందునుంచీ తెలిసినది ఆ మూల ఒక్కటే మిగిలింది. అదీ లేకపోయేసరికి, నువ్వు ఈ పనికి పనికిరావు అని ఎవరో చెప్పేసినట్టయింది. ఆ కోపం వెళ్ళి ఐదేళ్ళ పిల్లాడి మీద పడింది. నిజానికి పోయిందేమీ లేదు. కాస్త వెతికితే కాగితాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి, అనుకున్న సమయానికి పంపేశాను. మేడమ్ ఇప్పుడు తగరపువలసలో ఉంటున్నారు. ఫోన్ చేద్దామనుకుని మానేశాను. జరిగింది చెబితే ఆవిడ నన్ను ఒక్క మాటా అనరు. చిన్నూ చేతులు వెనక్కి పెట్టుకుని ఏం చేశాడు, తర్వాత ఎప్పుడు ముందుకి తీశాడు అని అడుగుతారు. అప్పటికి నేను తెర వైపు తిరిగిపోయాను.

ఈ ఉదయం చిన్నూ పాలగ్లాసుతో హాల్లోకి వచ్చి, ల్యాప్‌టాప్ ఉన్న బల్లకి దూరంగా, గోడ పక్కనుంచి చుట్టూ తిరిగి సోఫా చేరాడు. హారిక జడలు వేయించుకోవడానికి దువ్వెన పట్టుకుని వచ్చింది. ఇద్దరినీ ఆ బల్ల దగ్గరికే పిలిచి కూర్చోబెట్టుకున్నాను.

"దీన్ని మీరెవరూ ఏమీ చెయ్యలేదు. చేసినా పరవాలేదు. అదే మారింది. నిన్న అమ్మకి భయం వేసి అరిచింది. స్కూలు బస్సు వచ్చేదాకా టైముంది. ముగ్గురం కలిసి దీన్ని కడుపారా తిడదాం. చిన్నూ, నీ చేతులు రెండూ ఇలా బల్ల మీద పెట్టు. తిట్టడం అయ్యాక, ఎవరి చెయ్యి ఎక్కడికెళ్ళిందో, అక్కడ ఏమిటి దొరకలేదో చెప్పుకుందాం. ముందు నాది చెబుతాను."