తోక బండి ఉరుకుందన్న

నిన్న పొద్దున ఆదోని స్టేషన్ బయట నా వేళ్ళ మీద టక్కుమని ఒక తలకాయ తగిలింది. మా మనవరాలు శ్రావణిది. రైలు దిగి, సంచీ వెనక సీట్లో పడేసి, ఫోన్ చూసుకుంటూ కారులోకి దూరబోయింది. తలుపు పైనున్న రేకు అంచుకు నేను అప్పటికే అరచెయ్యి అడ్డం పెట్టి ఉన్నాను. "తాతా, ఎప్పుడూ ఆడ చెయ్యి పెడతావే, నీ వేళ్ళు నలగవా?" అంది. నలుగుతాయి. కణుపుల మీద చర్మం మొద్దుబారింది కాబట్టి సరిపోయింది. వేళ్ళు విదిలించుకుంటూ స్టీరింగు ముందు కూచున్నాను. ఎండకు కాలిన సీటు వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసన ఎప్పుడు తగిలినా నాకు ఉరుకుందన్న గుర్తొస్తాడు.

ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు మా వైపు ఆ పేరు పెడతారు. పేరులో ఉరుకు ఉంది గాని, ఆ మనిషి జన్మలో ఉరికి ఎరగడు. మా వీధిలోనే ఇల్లు. నాకంటే కొంచెం పెద్ద. బాడుగకు కారు తోలేవాడు. తెల్లటి పాత కారు, వెనక పొడుగాటి డిక్కీ. దాన్ని షోరూములో సెడాన్ అంటారని తెలిసినా ఆయన మాత్రం "తోక బండి" అనేవాడు. దాంతో జనం ఆయన్నే తోక బండి ఉరుకుందు అన్నారు. గొర్రెల మంద అడ్డమొస్తే చివరి గొర్రె దాటి, దాని వెనక కాపరి కూడా దాటేదాకా ఆగేవాడు. ఎవరు ఎక్కినా, ఎవరు దిగినా, తాను ముందు దిగి వెళ్ళి, తలుపు తీసి, పై అంచు కింద అరచెయ్యి పెట్టేవాడు. "నవాబులు ఎక్కుతాండారు, పక్కకు జరగండప్పా" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన తలుపు మూసి తన సీట్లోకి పోయేవాడు.

నేను పత్తి మార్కెట్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. పనిలేని ఆ రోజుల్లోనే నాకు ఈ ఎర్ర కారు దొరికింది. పెద్దకడుబూరులో ఎరువుల అంగడి నడిపే మా అల్లుడు మోజుపడి కొన్నాడు. చూడ్డానికి పొట్టిది, తోక లేదు, ఆ పొట్టి డొక్కలో మాత్రం టర్బో ఇంజను. నేల మీద పాకుతున్నట్టు ఉంటుంది. మా వియ్యపురాలు దాంట్లో ఒకసారి కూచుంటే లేపడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. ఎరువు మూట పెడితే వెనక తలుపు మూతపడేది కాదు. ఏడాది తిరక్కముందే అల్లుడు దాన్ని నాకు అంటగట్టి, తానొక ఎత్తు బండి కొనుక్కున్నాడు.

ఇక చూడండి. ఆదోనిలో తాగిన టీ గొంతు దిగేలోపల నేను ఎమ్మిగనూరులో ఉండేవాణ్ణి. హారన్ కొడితే ఆ మోత నా వెనక ఎక్కడో పడి, నేను ఆగాక నన్ను వెతుక్కుంటూ వచ్చేది. సరే, అంత లేదు. కానీ కాలు నొక్కితే వీపు సీటుకు అతుక్కుపోయేది, అది నిజం. ఆ వయసులో నా వీపు దేనికైనా గట్టిగా అతుక్కోవడం మరిచిపోయి చాలా కాలమైంది.

టీ అంగట్లో రోజూ మాకు ఇదే వాదన. "తోక లేనిది బండి కాదప్పా, కుందేలు" అనేవాడు ఉరుకుందన్న. "కుందేలుకూ తోకుంటాదన్నా" అంటే, "ఉంటే సూపీ" అనేవాడు. ఒకరోజు వాదన తెగక ఇద్దరమూ ఎమ్మిగనూరు దారి పట్టాం. ఊరు దాటాక రోడ్డు దారం లాగి కట్టినట్టు నేరుగా ఉండే చోట నేను కాలు నొక్కాను. అద్దంలో తెల్ల కారు ముందు బొమ్మంత అయింది, తర్వాత చుక్కంత, తర్వాత అదీ లేదు. ఒక వేపచెట్టు కింద ఆపి, బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చి, అద్దం దించాడు.

"ఏమప్పా, వచ్చి శానాసేపైందా?"

"శానాసేపైంది. నీ కోసమే నిలబడినా."

"మరి అంత బిన్న, అంత తొందరగా వచ్చి ఏం సాధించినావు? నన్ను సూసేదానికా?"

అని, ఆపకుండా ముందుకు పోయాడు. గెలిచినవాణ్ణి నేను, చెట్టు కింద మిగిలినవాణ్ణీ నేనే.

అలా ఉండగా శ్రావణికి నర్సింగు ప్రవేశ పరీక్ష వచ్చింది. అంతకుముందు ఏడాది జ్వరంతో రాయలేకపోయింది. "ఈసారి కాకపోతే ఇంగ సదువు సాలు, సంబంధాలు సూస్తా" అని మా అల్లుడు తేల్చేశాడు. ఆ పిల్ల ముందురోజే మా ఇంటికి వచ్చింది. "సెంటరు ఎమ్మిగనూరు రోడ్డులో కాలేజీ తాతా. నిమిషం లేటైనా గేటు లోపలికి రానీరు" అని చెప్పింది. నేను ఎమ్మిగనూరు అన్నంత వరకే విన్నాను. రోడ్డు అన్న మాట నా చెవిలోకి పోలేదు. నా కారుకు ఒక పని దొరికిందన్న సంబరంలో ఉన్నాను.

పొద్దున్నే బయలుదేరదామంటుంది పిల్ల. "మన బండి సంగతి నీకు తెలీదు" అని నేను తీరిగ్గా ఉగ్గాని, బజ్జీ తిని, మీసం దువ్వుకుని మరీ కదిలాను. పిల్ల వెనక సీట్లో పుస్తకంలో తల పెట్టింది. ఊరి చివర నుంచే కాలు నొక్కాను. ఆ రోజు మేము ఎంత వేగంగా పోయామంటే, మేము చేరాల్సిన కాలేజీ మా పక్కనుంచే వెనక్కి పోయింది. ఈ ఒక్క మాటలో మాత్రం ఇసుమంత కూడా పెంచింది లేదు.

ఎమ్మిగనూరు చేరాక ఒక టీ అంగడి దగ్గర ఆపి, పిల్ల హాల్ టికెట్టు చూపించి, "ఈడ ఎమ్మిగనూరు రోడ్డులో కాలేజీ యాడప్పా?" అని అడిగాను. అంగడాయన చేతిలోని గ్లాసు కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఎమ్మిగనూరులో ఎమ్మిగనూరు రోడ్డు యాడుంటాది పెద్దాయనా? నువ్వు నిలబడింది ఆదోని రోడ్డు. మీ ఆదోనోళ్ళు దీన్నే ఎమ్మిగనూరు రోడ్డంటారు. ఆ కాలేజీ మీ ఊరి చివరే ఉండాది."

వెనక సీట్లో పుస్తకం మూసిన చప్పుడు వినిపించింది. పిల్ల ఏడవలేదు. "తాతా, టైముందా?" అని మాత్రం అడిగింది. ఆ గొంతు విన్నాక నా చేతులు స్టీరింగు మీద నిలవలేదు.

ఈ తర్వాత జరిగింది మా వీధిలో అందరికీ తెలుసు. నేను కారును తిప్పాను, ఉల్లిగడ్డ ట్రాక్టర్ల మధ్య సూదిలో దారంలా దూర్చాను, గాలి కూడా పక్కకు తప్పుకుంది, గేటు మూసే మనిషి చెయ్యి గొళ్ళెం మీద ఉండగా పిల్లను దించాను. ఇన్నేళ్ళూ ఇలాగే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒక ట్రాక్టరు పెరిగింది. అసలు సంగతి ఏమిటంటే, ఆ గంటసేపూ నేను ఎమ్మిగనూరు దాటి అడుగు కదలలేదు.

అక్కడికి దగ్గర్లోనే ఒక కంటి ఆసుపత్రి ఉంది. దాని ముందు, వేపచెట్టు నీడలో తోక బండి కనిపించింది. మా పక్క పల్లెల అవ్వలను నలుగురిని కళ్ళ పరీక్షకు తెచ్చి, ఉరుకుందన్న ముందు సీట్లో కునుకు తీస్తున్నాడు. నేను సంగతి చెప్పి, "నీ బండ్లో బిన్న తీసకపో అన్నా" అన్నాను. ఆయన తన కారును చూశాడు. నా కారును చూశాడు.

"నాది బిన్న పోదప్పా. నీ కుందేలు బీగాలియ్యి."

"నువ్వు తోల్తావా?"

"నువ్వు తోల్లేవు. నీ చేతులు సూడు. నువ్వు ఈడే ఉండి అవ్వలను నా బండ్లో తోలుకోని రా. మెల్లగా రా."

శ్రావణి ఎక్కుతుంటే, అంత తొందరలోనూ, తలుపు అంచుకు అరచెయ్యి పెట్టాడు. ఆ తర్వాత నేను చూసింది ఎర్రటి మెరుపు ఒకటి. పోనీ మెరుపు కాదు, దుమ్ము. గొర్రెలకు ఆగే మనిషి నా కారును అలా పోనిచ్చాడని నా కళ్ళతో చూశాను గనక నమ్ముతున్నాను.

నేను తోక బండి డిక్కీ తెరిచి దాని అంచు మీద కూచున్నాను. లోపల అవ్వల సద్దిమూటలు, నీళ్ళ క్యాను, గొడుగు, ఒక దిండు, మడత మంచం కూడా ఉన్నాయి. ఇంకా ఒక మనిషి పడుకునేంత చోటుంది. నా కారుకు ఉన్నదేమిటో నాకు తెలుసు. దానికి లేనిదేమిటో ఆ అంచు మీద కూచున్నప్పుడే తెలిసింది. ఫోన్ చేతిలో చెమటతో జారుతోంది. ఈరన్న స్వామికి ఏమేం మొక్కుకున్నానో ఇక్కడ రాయను. అన్నీ తీర్చలేదు.

ఫోన్ మోగింది. "పాప లోపలికి పోయింది" అన్నాడు ఉరుకుందన్న. అంతే. నేను డిక్కీలో దిండు మీద తల వాల్చేశాను. ఒంట్లోని ఎముకలన్నీ ఒక్కసారే సెలవు తీసుకున్నట్టయింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు. అప్పుడే ఆసుపత్రిలోంచి అవ్వలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వచ్చారు. వాళ్ళలో పెద్దావిడ సుంకమ్మవ్వ, నా ఎక్కిళ్ళు విని ఆగింది.

"ఎవురప్పా అది ఏడ్సేది? నీకూ కంట్లో మందేసినారా?"

ఉరుకుందన్న పని మీద పోయాడని, నేను తోలుతానని చెప్పి తలుపు తీశాను. సుంకమ్మవ్వ కదలలేదు. గాలిలో చెయ్యి తడుముతూ నిలబడింది.

"చెయ్యేది?"

"ఏం చెయ్యవ్వా?"

"తలకాయ కాడ పెట్టే చెయ్యి. ఉరుకుందప్ప పెడతాడు. కండ్లకు మందేసినాక నాకేం కనపడతాది నాయనా? నా నెత్తికి ఆ చెయ్యి తగిలితేనే అంచు యాడుందో తెలిసేది."

నేను నవాబుల మర్యాద అని నవ్వింది దాన్నే. రేకు అంచు కింద అరచెయ్యి పెట్టాను. సుంకమ్మవ్వ నెత్తి వచ్చి మెత్తగా తగిలింది, వంగింది, లోపలికి పోయింది. తర్వాత రెండో అవ్వ. మూడో ఆవిడ నెత్తి కొంచెం గట్టిది. నాలుగో ఆవిడ కూడా ఎక్కాక నా వేళ్ళు ఎర్రబడ్డాయి. ఆదోనికి మెల్లగా తోలుకుంటూ వచ్చాను. గొర్రెల మంద వచ్చింది. ఆగాను. కాపరి దాటేదాకా ఆగాను.

కాలేజీ గేటు ఎదురుగా చింతచెట్టు కింద ఉరుకుందన్న నా కారుకు ఆనుకుని ఉన్నాడు. జుట్టు రేగిపోయింది, మొహంలో ఎన్నడూ లేని వెలుగు. దగ్గరికి లాగి చెవిలో అన్నాడు: "భలే ఉంది గదప్పా నీ కుందేలు. కాలు పెడితే సాలు, ఎనకనుంచి ఎవురో నూకినట్లే."

"తోక లేదంటివే?"

"దానికి తోక ఎందుకు, నిలబడితే గదా ఊపేదానికి."

మళ్ళీ తన కారు వైపు, లోపలున్న అవ్వల వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఒగ సాయం సెయ్యి. నేను అట్ల తోలినానని తెలిస్తే మన ఊరి ముసలోళ్ళు ఇంగ నా బండెక్కరు. ఈ అవ్వలది పల్లె, మన టీ అంగడికి రారు. నువ్వే తోలినావని సెప్పు. నీ నోటికి అదేమంత బరువు?"

అదీ కథ. నేను కోసిన ఆ కోతకు మొదటి కొడవలి ఆయనే ఇచ్చాడు. టీ అంగట్లో నేను చెబుతుంటే పక్కన కూచుని "అవునప్పా, నేను అవ్వలతో ఎనక మెల్లగా వచ్చినా" అని వంత పాడేవాడు. శ్రావణి మాత్రం టీ అంగడి ముందు నుంచి పోయేటప్పుడు మా ఇద్దరినీ చూసి పెదవి కొరుక్కునేది. సీటు వచ్చింది, చదువుతోంది, మా అల్లుడు సంబంధాల మాట ఎత్తడం మానేశాడు. ఆదివారాల్లో ఉరుకుందన్న ఒకసారి మా గుమ్మం ముందు దగ్గేవాడు. నేను బీగాలు ఇచ్చేవాణ్ణి. ఆయన ఒక్కడే ఆ నేరు రోడ్డు దాకా పోయి వచ్చేవాడు. నాకు పెళ్ళికో ఆసుపత్రికో నలుగురిని తీసుకుపోవాల్సి వస్తే తోక బండి అడిగేవాణ్ణి. వాదన మాత్రం ఇద్దరమూ ఆపలేదు.

పోయినేడు ఉరుకుందన్న నిద్రలోనే పోయాడు, ఎవరినీ తొందరపెట్టకుండా. అంతకు కొన్ని నెలల ముందు ఆయనకే కన్ను ఆపరేషనైంది. తోక బండి అప్పటికే మరొకరికి పోయింది. ఎమ్మిగనూరు నుంచి ఆయన్ను నేనే ఎర్ర కారులో తెచ్చాను. కంటికి పట్టీ, మరో కన్ను అంతంత మాత్రం. తలుపు తీసి, అంచు కింద చెయ్యి పెట్టి, "వంగన్నా, ఇది పొట్టి బండి" అన్నాను. ఆయన వంగలేదు. నిటారుగా వచ్చి, నెత్తితో నా వేళ్ళను ఒక్క పోటు పొడిచాడు. ప్రాణం పోయినట్టయింది.

"ఏమన్నా అది?"

"ఏం లేదప్పా. ఉందో లేదో సూసినా."

"ఏంది?"

"చెయ్యి" అని, అప్పుడు తల వంచి, లోపలికి కూచున్నాడు.