పొద్దెక్కకముందు ఎక్కించిన గ్యాస్

ఈ పొద్దున కోరుట్లలో మా ఇంటి అరుగుమీద కూర్చొని చాయ్ తాగుతుంటే, జగిత్యాలలో కోల్డ్ స్టోరేజీని చల్లబరిచే చిల్లర్ మిషను సర్వీసుకు వెళ్లిన మా అల్లుడు దాని గ్యాస్ ప్రెషర్ చూపే మీటరు ఫోటో ఒకటి ఫోనులో పంపాడు. ప్రెషర్ బాగా తక్కువగా ఉంది. ఆ అంకె చూశాక నాకిక కుదురు లేదు. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచి ఫోను చేసి, "ఆగు అల్లుడా, జర పొద్దెక్కనియ్యి, అప్పుడే గ్యాస్ ఎక్కియ్యకు!" అని అరిచినంత పని చేశాను.

మన ఈడు వాళ్లకైతే గుర్తుంటుంది, దుబాయి నుంచి వచ్చిన మెకానిక్ అంటే ఆ రోజుల్లో డాక్టరుకున్నంత మర్యాద. అక్కడి మేడలమీద, ఆ మాడే ఎండల్లో ఏళ్ల తరబడి చిల్లర్లకు గ్యాస్ నింపి వచ్చినవాణ్ణి కదా, గేజిలో ముల్లు ఎక్కడ నిలవాలో నాకొకరు చెప్పాలా అన్న పొగరు నిండా ఉండేది.

వచ్చిన ఏడాదే, చలికాలంలో, సారంగాపూర్ దగ్గర మా అన్న వాళ్ల ఊళ్లోని పాలకేంద్రంలో చిల్లర్ సరిగా చల్లబరచడం లేదని కబురొస్తే తెల్లవారుతూనే వెళ్లాను. ఊరి ఆడవాళ్లు పిండిన పాలన్నీ ఆ ఒక్క ట్యాంకులోనే ఉన్నాయి, మా వదిన బర్రె పాలతో సహా. సాయంత్రం టాంకర్ వచ్చేదాకా అవి చల్లగా ఉండాలి. గ్యాస్ కారుతున్న జాయింటు బిగించి నింపడం మొదలుపెట్టాను. ముల్లు దుబాయిలో నిలిచే చోటికి రాదే! ఇంకాస్త ఎక్కించాను, ఇంకాస్త. అక్కడి ఎండకు లేచే ప్రెషర్ మన మంచులో లేవదన్న చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. ముల్లు నేననుకున్న చోటికి వచ్చాక, సిరిసిల్లలో ఇంకో పని ఉందని బండెక్కి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి, ఎక్కువైన గ్యాస్‌తో ప్రెషర్ హద్దు దాటి మిషను దానంతటదే ఆగిపోయింది. పాలకేంద్రం వాళ్లు మళ్లీ నడిపిస్తారు, అది మళ్లీ ఆగుతుంది. కబురంది నేను తిరిగొచ్చేసరికి, ముందే సగం వెచ్చబడి ఉన్న పాలు పులిసిపోయాయి, టాంకర్ వాడు ముట్టకుండానే పోయాడు. ఎక్కువైన గ్యాస్‌ను, అప్పటి అలవాటు ప్రకారం, గాలిలోకి వదిలేశాను. మిషను చక్కగా నడిచింది, ఖాళీ ట్యాంకును చల్లబరుస్తూ. పాలు వెనక గుంతలోకి పారుతుంటే ఆడవాళ్లు క్యాన్లు పట్టుకొని చూస్తూ నిలబడ్డారు. మా వదిన ఒక్కతే, "దుబాయిల గిదేనా మరిదీ నువ్వు నేర్సుకున్నది?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆనాటి నుంచి ఎండ వచ్చి ముల్లు కుదురుకునేదాకా గ్యాస్ సిలిండర్ మీద చెయ్యి వేయలేదు, జనం బద్ధకమనుకున్నా సరే.

ఇవాళ నా అరుపుకు అల్లుడు నవ్వాడు. "బయట సలిని గీ మీటరే లెక్కగడ్తది మామా, అదిగూడ ఆగుమనే అంటున్నది. మీకు సూపెడ్దామని పంపిన," అన్నాడు. ఊరి పాలు మట్టిపాలు చేసి నేను నేర్చుకున్నది ఆ మీటరు పుట్టుకతోనే నేర్చుకొని వచ్చిందన్నమాట. మంచిదే, ఇక ఎవరి పాలూ పారబోయక్కర్లేదు. ఈ మాట మా వదినకు చెప్పాలనిపించింది. ఆమె పోయి మూడేళ్లయింది. ఫోను పెట్టేశానే గాని కాలు నిలవలేదు, ఎండ వచ్చిందా అని నాలుగుసార్లు వాకిట్లోకి వెళ్లి చూశాను.