రోజూ కాంటా ఎక్కే అఖ్తర్ బేగం

నారాయణఖేడ్ బస్ డిపో దాటి సిర్గాపూర్ రోడ్డు పడితే ఎడమచేతికి గోవర్ధన్ సేటు ధర్మకాంటా వచ్చేది. లారీని లారీగానే తూచే కాంటా అది. నిండు బండి ఎక్కితే ఒక అంకె, సరుకు దింపి ఖాళీగా వచ్చి ఎక్కితే ఇంకో అంకె, రెంటికీ నడుమ తేడాయే రైతు కష్టం. ఆ అంకెలు కొట్టే కుర్చీలో మొదట కూర్చున్నవాడు సత్తార్. కూర్చున్నాడనడం మర్యాద కోసం. నిజానికి పడుకున్నాడు.

మధ్యాహ్నం భార్య అఖ్తర్ బేగం అన్నం గిన్నె పట్టుకొచ్చేసరికి బయట లారీలు హారన్లు కొడుతుండేవి, లోపల ఈయన గురక కొడుతుండేవాడు. ఆయన లేచి తినేలోపల ఆమె బండ్లన్నీ తూచి పంపేసేది. 2004లో సేటు ఈ భాగోతం కళ్లారా చూశాడు. "రేపటి సంది అన్నం తేకు, నువ్వే కూసో" అన్నాడు ఆమెతో. సత్తార్‌కు కోపం రావాలి కదా, రాలేదు. హాయిగా ఇంటికి పోయి వంట నేర్చుకున్నాడు. కాంటా కంటే పప్పు నయంగా చేశాడని ఒప్పుకోవాలి.

బేగం మనిషి భారీ, నోరు ఇంకా భారీ. ఇంట్లో ఉర్దూ, కాంటా దగ్గర తెలుగు, కోపమొస్తే రెండూ. బండి ఎక్కిందంటే కిటికీలోంచి అరిచేది. "డ్రైవర్ దిగు, క్లీనర్ దిగు, గా మేకపిల్లను గూడ దించు." ఒకసారి లోడు మీద కూర్చున్న మనిషి దిగనన్నాడు. "నేను సర్పంచును" అన్నాడు. "అయితే ఇంకా బరువుంటవ్, జల్దీ దిగు" అంది. దిగాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. బేగం దగ్గర ఆ సామెత చెల్లలేదు. తిట్లు తిని కూడా రైతులు వేరే కాంటాలు దాటుకొని ఇక్కడికే వచ్చేవాళ్లు. వాటాల దగ్గర పేచీ పడ్డ అన్నదమ్ములు ధాన్యం తెచ్చి ఇక్కడే తూయించుకునేవాళ్లు. బేగం కాంటా చెప్పిందంటే చెప్పిందే. ఆమెకున్న ఆస్తి ఆ మాటొక్కటే.

2010 అక్టోబరులో వాన పట్టుకుంది, వదల్లేదు. సిర్గాపూర్ నుంచి లింగమ్మ డీసీఎం బండి నిండా పత్తి తెచ్చింది. సొంత భూమి, సొంత సేద్యం, బేగంకు ఏమాత్రం తీసిపోని నోరు. తూకం అయ్యాక నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది బేగం, ఇంటికాడ పత్తి బోరాలు తూచే తెచ్చిన. గీడికొచ్చేసరికి మూడు క్వింటాళ్లు యాడ పోయినయ్?"

"తొవ్వల ఎవలకు అమ్ముకున్నడో నీ డ్రైవర్‌ను అడుగు."

"తడిసిన పత్తి బరువెక్కాలె గని తగ్గుతదా?"

"నా కాంటా అబద్ధం ఆడదు లింగమ్మ. ఆడితే మనుషులే ఆడుతరు."

పదిమందిలో అన్న మాట. లింగమ్మ ముఖం మాడిపోయింది. బండెక్కి పోయింది.

రెండు రోజులకు వాన కాస్త తెరిపిచ్చింది. ఎవరిదో బర్రె ఒకటి వచ్చి కాంటా మీద తీరుబడిగా నిలబడింది. ఛాయ్ తెచ్చిన సత్తార్ రోడ్డువైపున్న అంకెల బోర్డు చూశాడు. ఎర్రగా నూట పది.

"బేగం, గంత బర్రె నూట పది కిలోలేనా? పాపం, ఉపాసం ఉన్నట్టుంది."

బేగం కట్టె పట్టుకొని బయటికొచ్చి బర్రెను తోలి, తాను ఎక్కి నిలబడింది. "ఎంతుంది చూడు."

"సున్నా."

"కండ్లు తుడుసుకొని చూడు."

"సున్నానే. ఇరవై ఏండ్ల సంది కాపురం చేస్తున్న, నువ్వు లేవంట."

ఆమె నవ్వలేదు. వంగి కాంటా కిందికి చూసింది. వాన నీళ్లు మోసుకొచ్చిన బురద గుంతంతా నిండి, ఇనుప పలకకు అడుగున గట్టిగా కూరుకుపోయింది. లారీ ఎక్కితే బరువులో కొంత, నిండు బండయితే ఇంకా ఎక్కువ, ఆ బురదే మోస్తోంది, కాంటాదాకా రావడం లేదు. అఖ్తర్ బేగం దొంగకు తేలు కుట్టినట్టు అయిపోయింది. తిట్టడానికి తాను తప్ప ఎవరూ దొరకలేదు.

సేటుకు ఫోన్ చేసింది. "సీజన్‌ల బంద్ పెడితే ఎట్ల? సీజన్ అయినంక చూద్దాం, నడుపు" అన్నాడాయన.

"నడుపుత సేటు. ముందుగాల నువ్వొచ్చి ఎక్కు. నీకు సున్నా రాకపోతే నడుపుత."

సేటు ఫోన్ పెట్టేశాడు. ఆమె గదికి తాళం వేసి, పార తెచ్చి గుంతలో దిగింది. వెనక సత్తార్ దిగాడు. ఇది తేలకపోతే బండి కదలదని అర్థమై, తూకానికి ఆగి ఉన్న డ్రైవర్లు కూడా తిట్టుకుంటూ దిగారు. సాయంత్రానికి బురద రోడ్డు పక్కన కుప్ప పడింది. ఆమె అదే చీరతో ఆటో ఎక్కి సిర్గాపూర్ పోయింది.

"లింగమ్మ, అబద్ధం ఆడింది నా కాంటానే. తప్పు నాది."

లింగమ్మ పత్తి ఏరుతూ తల ఎత్తలేదు. "పదిమందిల నన్ను అబద్ధాలదాన్ని చేసి, ఇంటికొచ్చి చెవుల చెప్తవా?"

"ఏం చెయ్యమంటవ్ మరి?"

"ఇగ రోజు పొద్దుగాల బండ్లకంటె ముందు నువ్వెక్కు. నీ బరువు బోర్డు మీద ఊరంత చూడాలె. గప్పుడు తూకం."

మర్నాడు ఎక్కింది. పదేసి కిలోల లెక్కన చూపే కాంటా అది. తొంభై పడింది. డ్రైవర్లు ఈల వేశారు. ఆమె వాళ్ల ఏడు తరాలనూ పేరుపేరునా తిట్టింది, మళ్లీ మర్నాడు ఎక్కింది. అదే ఆనవాయితీ అయింది. "తొంభై పడ్డదా?" అని అడిగిగానీ ఎవరూ బండి ఎక్కించేవాళ్లు కాదు.

2013 వానాకాలంలో ఒక పొద్దున ఎనభై పడింది. మళ్లీ బురదే అన్నారు. గుంత తోడారు. ఎనభయ్యే. దసరా దాటేసరికి డెబ్బై. లారీలు కల్హేర్ వైపు కాంటాకు మళ్లడం మొదలైంది. ఉన్నవాళ్లు గుసగుసలాడుతుండగా లింగమ్మ బండి దిగి వచ్చింది.

"కాంటా మల్ల పాడైందంటుండ్రు బేగం. మిస్త్రీని పిలువు."

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. రెండు రోజులు బంద్ పెడితే ఎవరూ ఏమీ అడగరు. బేగం కాంటా మీదే నిలబడి ఉంది, డెబ్బై అని బోర్డు ఎర్రగా వెలుగుతోంది.

"కాంటా మంచిగనే ఉన్నది. నేనే తగ్గుతున్న" అంది. "షుగరంట. బాగ ముదిరిందంట. సూదులు వేసుకోమన్నరు. భయమై వేసుకోలే."

సత్తార్ ఛాయ్ గ్లాసు పట్టుకొని అక్కడే ఉన్నాడు. ఈ సంగతి ఆయనకూ ఇప్పుడే తెలిసింది. గ్లాసు కింద పెట్టబోయి, ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకొని ఏడ్చాడు.

లింగమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "కాంటా మీద మాట పడొద్దని ఊరందరి ముందట చెప్తివి. నీ మొగనికి మాత్రం చెప్పకపోతివి. దిగు, దవాఖానకు పోదాం."

బేగం దిగింది. ముగ్గురూ ఆటో ఎక్కేలోపలే మొదటి లారీ కాంటా ఎక్కి, ఆమె తిరిగొచ్చి తూచేదాకా ఆగడానికి ఇంజన్ ఆపుకుంది.