ఫోనులో జమ్మిచెట్టు

మా అత్తమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఏడాది సంగతి ఇది. దసరా నాటికి వాకర్ పట్టుకుని ఇంట్లో నడుస్తోంది గానీ, మెట్లు మాత్రం దిగొద్దన్నారు దవాఖానవాళ్లు. ఎల్బీనగర్‌లో మేముండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఆమె కోడలిగా అడుగుపెట్టింది సరూర్‌నగర్ పాత ఊళ్లో. అప్పటి నుంచి అక్కడి జమ్మిచెట్టును చూడకుండా ఆమెకు ఒక్క దసరా కూడా దాటలేదు.

"నేను పోకుంటే అదేమనుకుంటదో," అంది పొద్దున్నే, పక్కింటావిడ గురించి చెప్పినట్టు.

"ఫొటో తీసుకొస్త అత్తమ్మా," అన్నాను.

"మంచిగ తియ్యి. పోయినసారి నన్ను తలకాయ లేకుండ తీసినవ్."

జనం చేరితే కొమ్మలు విరిచి చెట్టును బోడి చేస్తారని పొద్దుండగానే వెళ్లాను. వానలు వెళ్లిపోయాక కాసే ఎండ అది, కంటికి గుచ్చదు. ముందు ఎండకు ఎదురుగా నిలబడి తీస్తే చెట్టంతా నల్లగా, మసి పూసినట్టు వచ్చింది. అటు తిరిగి, ఎండ నా వీపుకు తగిలేలా నిలబడ్డాను. అప్పుడు కనిపించాయి బెరడు మీది ముడతలు, సన్నసన్నటి ఆకులు. వంగి తీశాను, అరుగెక్కి తీశాను. మొదలు నుంచి కొనదాకా ఒక్క ఫొటోలో పట్టేసరికి నాకే సంబరమైంది. ఆ సంబరంలోనే ఇంటికొచ్చేశాను.

అత్తమ్మ హాలు మధ్యలో స్టూలు వేయించింది. దాని మీద ఫోనును చెంబుకు ఆనించి పెట్టమంది. తల మీద చెంగు కప్పుకుని, వాకర్‌తో దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. సగం చుట్టుకే తెర ఆరిపోయింది. నేను వేలితో తట్టాను. రెండో చుట్టులో మా ఆడబిడ్డ ఫోన్ చేసింది.

"కట్ చెయ్యి. అమ్మ చెట్టుకాడ ఉన్నదని తర్వాత చెప్పు," అంది అత్తమ్మ, ఆగకుండానే.

చుట్లు అయ్యాక కుర్చీలో కూర్చుని అరచెయ్యి చాపింది. "ఏది, బంగారం?"

దసరానాడు జమ్మి ఆకునే బంగారమంటాం. పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కితే వాళ్లు దీవిస్తారు. నేను చెట్టు చుట్టూ అంతసేపు తిరిగి, ఒక్క ఆకు కూడా తెంపలేదు.

"చెట్టునంత తెచ్చి ఆకు మరిచినవా పిల్లా?"

"మళ్ల పోతా అత్తమ్మా."

"ఈపాటికి ఆడ పుల్లలే మిగిలుంటయి," అన్నాడు మా ఆయన. "దిల్‌సుఖ్‌నగర్‌ల కట్టలు అమ్ముతున్నరు. తేవాల్నా అమ్మా?"

"ఏ చెట్టుదో నాకెందుకురా."

ఆమె చాపిన చెయ్యిని ఒళ్లోకి తీసుకుంది. పండగపూట ఆ ముఖం చూడలేక నేను వంటింట్లోకి పోబోయాను.

"ఫోన్ ఇటియ్యి," అంది.

నేను ఫొటోలు పెద్దవి చేయడం చూసింది కదా, తనూ రెండు వేళ్లతో తెరను సాగదీసింది. కొమ్మలన్నీ వెతికి, కిందికి వాలిన ఒక రెమ్మ దగ్గర ఆగింది. దాని ఆకుల మీద ఎండ పచ్చగా పడి ఉంది.

"ఇది నాకందే కొమ్మ. యేటా దీనికే తెంపుత. దీన్నే పెట్టు నా చేతిల."

రెండు చేతులతో ఫోనును ఆమె అరచేతిలో పెట్టి, వంగి కాళ్లు మొక్కాను. అంతలో తెర ఆరిపోయింది.

"ఆగు, లేవకు," అంది. నేను వంగే ఉన్నాను. తెర మీద తట్టింది. ఆకు మళ్లీ వెలిగాక నా తల మీద చెయ్యి పెట్టింది.

"చల్లగుండు బిడ్డా."