పాలు పితికే పీట మీద దేవుడు నన్ను మళ్ళీ కూర్చోబెట్టాడు

సహోదరీ సహోదరులారా, కిందటి వేసవిలో మా రెండు ఆవులనూ అమ్మేయాలని ఇంట్లో నిర్ణయమైపోయింది, ఎందుకంటే వాటి దగ్గర గొంతుక్కూర్చుని పాలు పితికే నడుము నాకు లేకుండా పోయింది. బంగారు గనులు మూసేశాక మా ఆయన కేజీఎఫ్ వదిలి సొంత ఊరు లక్కూరుకు వచ్చి ఏ పనిలోనూ నిలదొక్కుకోలేకపోయినప్పుడు మమ్మల్ని సాకింది ఆవులే, అవి పోతే నా ప్రాణమే పోయినట్టు. ఎడమ పిరుదులో మొదలైన నొప్పి తొడ వెనకగా పిక్కలోకి దిగి చిటికెన వేలిదాకా మంటలా పాకేది, దగ్గినా కాలు జివ్వుమనేది.

ఇక్కడ నేనొక తప్పు ఒప్పుకోవాలి. రక్షణ పొందాక మేము తాయెత్తులు మానేశాం, దిష్టి తీయించుకోవడం మానేశాం, కానీ ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుము తొక్కించుకుంటే పట్టు వదులుతుందన్న నమ్మకాన్ని మాత్రం అదీ ఒక మందే అనుకుని మందిరంలోకి వెంట తెచ్చుకున్నాం. మా ఆడపడుచు సుశీలమ్మ అలా పుట్టిన మనిషి, ఆమె కూడా విశ్వాసురాలే. పాస్టరుగారికి తెలియకుండా మూడు ఆదివారాలు ఆరాధన అయ్యాక ఆమె చేత తొక్కించుకున్నాను. మూడోసారి పాపం నా మీద ప్రేమతో గట్టిగానే తొక్కింది, ఆ సాయంత్రం నుంచి పాదం తిమ్మిరెక్కి చెప్పు జారిపోయినా తెలియలేదు.

భయంతో గోడకు ఆనుకుని ఏడుస్తూ ప్రార్థించాను. "తండ్రీ, నీ ముందర మోకరించి, నీకు తెలీదన్నట్టు దాక్కొని తొక్కించుకొంటినయ్యా, నన్ను క్షమించు. నా ఆవులు నా చేతిలోంచి పోనీవద్దు. యాడికి పొమ్మంటే ఆడికి పోతాను."

కోలారు దగ్గరి నరసాపురం ఫ్యాక్టరీలో పనిచేసే మా అమ్మాయి గ్రేస్ ఆ మాట విన్నది. "ఇంగ యాడికో కాదుమా, రేపు నాకు లీవు, కోలారుకు పోదాం. మా లైన్లో ఒకామెకు ఇట్లే ఉండె, వెన్ను సర్దే డాక్టరమ్మ దగ్గర బాగైనాది" అంది.

ఆమె కైరోప్రాక్టర్, అంటే వెన్నుపూసలను చేతులతో సర్దే వైద్యురాలు. వెళ్ళగానే నడుము టకటక విరిచి పంపేస్తుందనుకున్నాను. ఆమె నన్ను పడుకోబెట్టి కాలు నిటారుగా పైకెత్తి చూసింది, మడమల మీద నడిపించింది, మూత్రం అదుపులో ఉందా అని అడిగింది, తొక్కించుకున్న సంగతి చెబితే తల పట్టుకుంది.

"నొప్పి కాల్లో ఉన్నా తప్పు నడుములో ఉండాదమ్మా. ఆడినుంచి పాదం దాకా పోయే పెద్ద నరం నలిగినాది. తిమ్మిరి ఉండాది కాబట్టి ముందు పెద్దాసుపత్రిలో చూపించుకో, వాళ్ళు సరే అంటేనే నేను చెయ్యి పెడతాను" అంది.

అప్పటిదాకా పిక్కకే నూనె రాసుకుని, పిక్క మీదే చేతులు పెట్టించుకుని ప్రార్థన చేయించుకున్నదాన్ని నేను, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పెద్దాసుపత్రిలో స్కాన్ చూసిన డాక్టరుగారు ఆపరేషన్ అవసరం లేదని, వెన్ను మెల్లగా సర్దించుకోవచ్చని అన్నారు. తర్వాత ఆ డాక్టరమ్మ వారం వారం నా నడుమును మెల్లగా సర్దుతూ, ఇంట్లో చేసే వ్యాయామాలు నేర్పుతూ, ఇక గొంతుక్కూర్చోవద్దని, ఎత్తయిన పీట వేసుకోమని, పాలు కొంచెం కొంచెంగా మోయమని చెప్పింది. ఒక్కరోజులో ఏమీ జరగలేదు, నడుమ ఒక వారం నేను అలిగి వెళ్ళనని కూర్చున్నాను కూడా. మంట మొదట పాదాన్ని వదిలింది, తర్వాత పిక్కను, చివరికి తొడను. అన్నాళ్ళూ మా ఆయనే పాలు పితికి ఎర్రావు చేత తన్నులు తిన్నాడు. సుశీలమ్మా నేనూ పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి జరిగింది దాచకుండా చెప్పుకున్నాం, ఆయన మా ఇద్దరి కోసం ప్రార్థించారు.

ముందు అనుకున్న ప్రకారం బ్రోకరు తాళ్ళు తీసుకుని వచ్చిన పొద్దున నేను పీట మీద కూర్చుని పాలు పితుకుతున్నాను. మా ఆయన నన్ను చూపించి, "ఆవులు ఇచ్చేది లేదప్పా, మా ఆమె లేసి కూసున్నాది" అని అతనికి లోటాడు పాలిచ్చి పంపించాడు. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఇప్పటికీ ఎక్కువ పని చేస్తే నడుము పలుకుతుంది, కానీ నా ఆవులు నా దగ్గరే ఉన్నాయి, నేను సంతోషంగా ఉన్నాను, మహిమంతా నా దేవునిదే. మీలో ఎవరైనా ఇలాంటి నొప్పి దాచుకుని కూర్చుంటే ఆయన్ను నమ్మి ప్రార్థించండి, ప్రార్థించి లేచి వెళ్ళి చూపించుకోండి. ఒంటరిగా వెళ్ళడానికి భయమైతే నాకు చెప్పండి, పాలు పితికేసి తోడు వస్తాను.